మా సార్ మాఫీ అడగలేదు

మా ఇంగ్లీషు సార్ పోయిన సంగతి నాకు కరీంనగర్ బస్టాండులో తెలిసింది. సుల్తానాబాద్ బస్సు దిగిన మా ఊరి కిరాణా కొట్టాయన నన్ను చూసి చేతిలోని సంచీ కింద పెట్టాడు. "మీ ఇంగ్లీషు సార్ పోయిండు రా. పొద్దుగాల చాయ్ తాగిండట, గంతే" అన్నాడు. నేను పక్కనున్న సిమెంటు బల్ల మీద కూర్చుని కళ్లు తుడుచుకున్నాను. ఆయన అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఓదార్చాలనుకున్నాడు కాబోలు, భుజం మీద చెయ్యి వేసి ఇంకో మాట అన్నాడు. "పోయేముందల దొరకు మాఫీ అడిగిండట. మనసుల ఏం పెట్టుకోకుంట పోయిండు తియ్యి."

మొదటి మాటకు వచ్చిన కన్నీళ్లు రెండో మాటకు ఆగిపోయాయి. ఇది రాసే వేళకు కూడా అవి మళ్లీ రాలేదు. కనుక చనిపోయినవారి గురించి రాసేటప్పుడు ఉండవలసిన నెమ్మది ఇందులో కనిపించకపోతే పాఠకులు మన్నించాలి. నేను కోపంతో రాస్తున్నాను.

వచ్చే ఆదివారం మా బడిలో సంతాప సభ పెడుతున్నారు. అధ్యక్షుడు దొర. ఇప్పుడు ఆయన సమితి ప్రెసిడెంటు. ఆ సభలో ఏం మాట్లాడతారో నాకు ఇప్పుడే తెలుసు. మా సార్ అజాతశత్రువు అంటారు. మృదుభాషి అంటారు, నోరు తెరిస్తే తేనె కారేది అంటారు. పదేళ్లు ఆయన దగ్గర కూర్చున్నవాణ్ని, గోడవతల ఇంట్లో పెరిగినవాణ్ని. ఆ నోట్లోంచి తేనె రావడం నేను చూడలేదు. తేనెటీగలు రావడం చూశాను.

సార్ పొడుగ్గా, సన్నగా ఉండేవారు. నైజాం కాలంలో కుట్టించుకున్న నల్ల షేర్వాణీ ఒకటి ఉండేది. పోలీసు చర్య అయిన నెలలోపే మా ఊళ్లో తెల్ల టోపీలకు కరువొచ్చింది. నిన్నటిదాకా రజాకార్లకు విందులు పెట్టిన ఇళ్ల ముందు ఖద్దరు ఆరేసి ఉండేది. గిరాకీ తట్టుకోలేక దర్జీ పాత దుప్పట్లు కోసి మరీ టోపీలు కుట్టాడు. సార్ మాత్రం అదే షేర్వాణీలో బడికి వచ్చేవారు. ఎవరో అడిగితే, "సర్కారు మారింది గని నాకు జీతం బట్టల దుకాణంల ఇస్తలేరు గదా" అన్నారు. టోపీల ఊరేగింపు ఒకటి బడి ముందు నుంచి పోతుంటే కిటికీలోంచి చూసి మాతో అన్నారు: "గింతమంది దేశభక్తులు గిన్నేండ్లు ఏ చెట్టు ఎనుక దాసుకున్నర్రా? గా చెట్టుకు దండం పెట్టాలె."

ఈ వెటకారానికి ఆయనకొక గురువు ఉన్నాడు. అమెరికావాడు.

పోలీసు చర్యకు వచ్చిన మిలటరీ క్యాంపు ఎత్తేసినప్పుడు మిగిలిన సామాను కరీంనగర్ కబాడీ దుకాణాలకు చేరింది. పాత బూట్లు, లాంతర్లు, డబ్బాల నడుమ సార్‌కు ఒక ఇంగ్లీషు పుస్తకం దొరికింది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, ఆఖరివీ లేవు. దుకాణం సాయబు సార్‌కు ఎరుకే. "తీస్కపోండి మాస్టర్ సాబ్, ముందల లేదు, ఎనుక లేదు. నడుమ జర మంచిగుంది" అని ఊరికే ఇచ్చేశాడు. రాసినవాడి పేరు ఎక్కడా లేదు. అమెరికా దేశంలో, ఒక పెద్ద నది ఒడ్డున పెరిగినవాడని మాత్రం లోపల చదివితే తెలుస్తుంది. సార్ ఆయనను 'అమెరికా పెద్దమనిషి' అనేవారు, సొంత మేనమామ గురించి చెప్పినట్టు.

ఆ పెద్దమనిషి ఎవరినీ వదిలిపెట్టడు. మత బోధకులు, రాజకీయ నాయకులు, షావుకార్లు, దేశాలు తిరిగి గొప్పలు చెప్పేవాళ్లు, అందరికీ వడ్డిస్తాడు. ముందు తనకు వడ్డించుకున్నాకే మిగతావాళ్లకు. సార్ అరుగు మీద కూర్చుని ఆ పుస్తకం చదువుతూ ఒక్కరే కిసుక్కున నవ్వేవారు. లోపల్నుంచి ఆయన భార్య, మేమంతా చిన్నమ్మ అని పిలిచే ఆమె, "ఏమన్నడట మీ అమెరికాయన?" అని అడిగేది. సార్ అదంతా మన మాటల్లోకి మార్చి చెప్పేవారు. అమెరికా షావుకారు సుల్తానాబాద్ వడ్ల షావుకారు అయిపోయేవాడు. చిన్నమ్మ విని, "గట్లంటోళ్లు గక్కడ గూడ ఉన్నరా? ఇగ యాడికి పోయి బతుకుతరు" అనేది. సార్‌కు ఆ ప్రశ్న చాలా నచ్చేది.

చాలా ఏళ్ల తర్వాత లైబ్రరీలో ఒక పత్రికలో ఆ రచయిత బొమ్మా పేరూ కనబడ్డాయి. తెల్లజుట్టు, గుబురు మీసం. నేను ఉత్సాహంగా తీసుకెళ్లి చూపిస్తే సార్ బొమ్మను చాలాసేపు చూశారు. పేరు మాత్రం నోట పలకలేదు. "పేరు తెలువకుంటనే గిన్నేండ్లు దోస్తానా చేసినం. ఇప్పుడు కొత్తగ మర్యాదలెందుకు?" అన్నారు.

ఆయన దగ్గర మేము నేర్చుకున్న అసలు పాఠం ఏ సిలబస్‌లోనూ లేదు. ప్రతి సోమవారం ఆఖరి గంటలో ఒక కుర్రవాడు లేచి ఏదో ఒకదాన్ని పొగడాలి. దేన్ని పొగడాలో సార్ చెప్పేవారు. బడి బావి, కంచెలో పడుకునే గాడిద, ఇన్‌స్పెక్టరు గారి రాక. షరతులు రెండే. అబద్ధం ఆడకూడదు, నవ్వకూడదు. ఒకసారి మా తోటివాడు కురిసే బడి కప్పును పొగిడాడు. "మన బడి కప్పు శాన దయగలది. పాపం వానను బయట నిలవెట్టదు" అన్నాడు. క్లాసు పగలబడి నవ్వింది. సార్ మాత్రం గంభీరంగా తల ఊపి, "కూసో. మీ తాత ఒకడు అమెరికాల ఉన్నడు" అన్నారు.

ఇప్పుడు మాఫీ అడిగారంటున్న ఆ ఒక్క మాట సంగతి చెప్పాలి. దాని కోసమే ఇదంతా.

దొర మా ఊరికి దగ్గరి గ్రామంవాడు. ఆయనను గారు అనడానికి నా కలం ఒప్పుకోవడం లేదు. నైజాం కాలంలో ఆ చుట్టుపక్కల వెట్టి చేయని ఇల్లు లేదు. కోటలాంటి దొర ఇంటికి, ఆ గడీకి, నీళ్లు మోయాలి, కట్టెలు కొట్టాలి, దొర బండి ముందు పరుగెత్తాలి. ఇది పుస్తకంలో చదివింది కాదు, మా బాపు వీపు మీద చూసింది. పోలీసు చర్య తర్వాత దొర కూడా దర్జీ దగ్గరికి మనిషిని పంపాడు. రెండు మూడేళ్లకు స్వాతంత్ర్య సమరయోధుడయ్యాడు. బడికి కొత్త గదులు కట్టినప్పుడు వాటికి తన పేరు పెట్టించుకున్నాడు. హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసరును పిలిపించి సభ పెట్టించాడు. తన త్యాగాల గురించి నలుగురి ముందూ ఎవరైనా చక్కగా మాట్లాడాలని కబురు చేశాడు. ఊళ్లో చక్కగా మాట్లాడేవాడు ఎవరంటే మా సారే. హెడ్మాస్టరు గారు భయపడుతూనే ఆయన పేరు చెప్పారు.

సార్ లేచి షేర్వాణీ గుండీలు సరిచేసుకున్నారు. గొంతు సవరించుకుని మొదలుపెట్టారు.

"నైజాం జమానాల మన ప్రజలు పడ్డ కష్టాలన్నీ దొరవారు దగ్గరుండి చూసిండ్రు. మనసొంటోళ్లు ఆళ్లీళ్లు చెప్పంగ విన్నం. వారు విన్నది గాదు, దగ్గరుండి చూసిండ్రు. ఏ ఒక్క కష్టం గూడ వారు లేనప్పుడు జరుగలే."

సోమవారం గొంతు అది. మాకు వెంటనే అర్థమైంది. మా బెంచీ మొత్తం నవ్వు రాకుండా చెంపలు లోపల కొరుక్కుంటూ కూర్చుంది. ముందు వరసల్లో చప్పట్లు మోగాయి. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు. అందరికంటే గట్టిగా దొర కొట్టాడు. కొట్టి ఊరుకోకుండా, మెడలోని దండ తీసి సార్ మెడలో వేశాడు. వెనక నేల మీద దొర గ్రామం నుంచి తోలుకొచ్చిన జనం కూర్చున్నారు. వాళ్లలో ఒక ముసలాయన చాలా శ్రద్ధగా తల ఊపుతూ, "నిజమే బాంచెన్, నిజమే. ఒక్కనాడన్న తప్పలే" అన్నాడు. ఆయన పక్కనున్న ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు. నవ్వు వెనక నుంచి ముందుకు రావడం నేను అప్పుడే మొదటిసారి చూశాను. అది మొదటి వరసకు చేరేసరికి దొర కారెక్కి వెళ్లిపోయాడు. సాయంత్రం గడీలో చాయ్ తాగుతుండగా గుమాస్తా విడమరిచి చెప్పాడట.

మర్నాడు హెడ్మాస్టరు గారు సార్‌ను పిలిపించారు. తలుపు తీసే ఉంది, వరండాలో మేమంతా ఉన్నాం. "ప్రార్థన అప్పుడు ఒక్క మాట చెప్పుండ్రి, నోరు జారింది అని. గంతే, ఖతం" అని బతిమాలారు. సార్ నింపాదిగా అన్నారు: "నోరు జారలే సార్. బాగ తయారు చేసుకొని వచ్చిన. మా ఇంట్ల ఆమెకు సదివి వినిపిచ్చిన గూడ."

నెల తిరగకుండా బదిలీ అయింది. ఎక్కడికంటే గోదావరి అవతలికి, చెన్నూరు దాటి అడవిలోకి. పెద్దపల్లి దాకా బస్సు, మంచిర్యాల దాకా రైలు, ఆ తర్వాత దొరికిన బండి. పేరుకు బడి, నాలుగు గుంజలూ తాటాకులూ. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే మనిషిని అక్షరాలు దిద్దించమని పంపారు. పిల్లల్లో సగం మందికి గోండీ తప్ప మరో మాట రాదు, మిగిలినవాళ్లది మరాఠీ కలిసిన తెలుగు. సార్ ఆ రెండూ నేర్చుకున్నారు. అందుకు ఆయనకు బాధ లేదు. బాధ వేరే ఉంది. రెండో వానాకాలం అక్కడి చలిజ్వరం వాళ్ల ఒక్కగానొక్క బిడ్డను తీసుకుపోయింది. నాలుగేళ్ల పిల్ల. నా భుజాల మీద కూర్చుని మా జామచెట్టు కాయలు కోసిన పిల్ల. డాక్టరు చెన్నూరులో ఉన్నాడు. నడుమ వాగు పొంగింది.

దీనిని బదిలీ అని కాగితం మీద రాశారు. నేను ఇంకో మాట రాయగలను గానీ పత్రికవారు అచ్చు వేయరు.

ఆ తర్వాత దొర మనిషి ఒకడు అక్కడిదాకా వెళ్లాడు. ఒక్క మాఫీ మాట చెప్తే వెంటనే వెనక్కి తెప్పిస్తామన్నాడు. ఈ సంగతి సార్ నాతో స్వయంగా చెప్పారు. సెలవుల్లో నేను వాళ్లను చూడటానికి పోయినప్పుడు, ఆ తాటాకుల నీడలో కూర్చుని, వెటకారం లేకుండా చెప్పారు. "నేను తయారైన రా. షేర్వాణీ గూడ తొడుక్కున్న. మీ చిన్నమ్మ తలుపుకు అడ్డం నిలవడ్డది. 'చెప్పేదుంటే బిడ్డ ఉన్నప్పుడే చెప్పకపోయినవా? ఇప్పుడు ఎవల కోసం చెప్తవు?' అన్నది. నేను షేర్వాణీ ఇప్పేసిన." ఆ ఏడాదంతా సార్ అమెరికా పెద్దమనిషి పుస్తకం తెరవలేదని చిన్నమ్మ నాకు చెప్పింది.

వచ్చేటప్పుడు బండి దాకా నాతో నడిచారు. నేను ఉండబట్టలేక అడిగాను, అట్లా ఎందుకు మాట్లాడానా అని ఎప్పుడైనా అనిపిస్తుందా అని. "మాట మంచిగనే వచ్చింది రా. ధరనే జర పిరమైంది" అన్నారు.

ఏళ్లు గడిచాక, రాష్ట్రం మారి ఆఫీసర్లు మారి, ఎవరి దయాదాక్షిణ్యాలూ లేకుండానే సార్ చొప్పదండికి, అక్కడినుంచి మళ్లీ మా ఊరికి వచ్చారు. సోమవారం క్లాసు మళ్లీ మొదలుపెట్టారు. చిన్నమ్మకు ఆ అడవి జ్వరం ఏటేటా వానలతో పాటు వచ్చేది. సార్ వంట చేసేవారు. ఉప్పు ఎక్కువైతే ఆమె ముఖం చిట్లించేది, ఆయన "దగ్గరుండి చూసుకుంటనే ఏసిన" అనేవారు. ఆ మాట ఇద్దరికీ అట్లా ఇంట్లో మనిషి అయిపోయింది.

ఇక ఈ మాఫీ కథ ఎక్కడ పుట్టిందో కూడా చెప్తాను. మొన్నటి ఓట్లప్పుడు దొర ఇల్లిల్లూ తిరిగాడు. సార్ అప్పటికే మంచాన పడ్డారు. గడప దాటి వచ్చినవాడు ఎవడైనా సరే, మన ఇళ్లల్లో లేచి చేతులు జోడిస్తాం. సార్ లేవలేక పడుకునే చేతులు జోడించారు. "ఎట్లున్నది సారూ పాణం?" అని దొర అడిగాడు. "మీరే వచ్చిండ్రంటే ఇగ పోతనట్టే ఉన్నది" అన్నారు సార్. దొర దాన్ని వినయమనుకున్నాడు. ఇంత జరిగినా ఆ మనిషికి మా సార్ మాట అదే రోజు అర్థం కాదు. బయటికి వచ్చి, "సార్ నాకు చేతులు జోడిచ్చిండు, పాపం" అన్నాడు. వారం తిరిగేసరికి అది మాఫీ అయింది. మంచాన పడ్డ మనిషి పెట్టిన నమస్కారాన్ని కూడా ఎత్తుకుపోయాడు. బిడ్డ పోయింది, ఆరోగ్యం పోయింది, హైస్కూలు ఉద్యోగం ఏళ్లపాటు పోయింది. ఆయన దగ్గర మిగిలింది ఆ వెనక్కి తీసుకోని మాట ఒక్కటే. చచ్చిపోయాక దాన్ని కూడా గుంజుకుంటామంటే చూస్తూ ఊరుకునేది లేదు.

మూడో నాడు వాగు ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవారికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టి దూరంగా నిలబడతాం. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే మనసులో ఏదో ఉండిపోయిందని, తలా ఒక మాట ఇస్తారు. విస్తరిలో అన్నం, వేట మాంసం, సర్వపిండి, గిన్నెలో చాయ్, పక్కన ఒక బీడీ. కాకులు తుమ్మ చెట్టు మీద ఉన్నాయి గానీ దిగలేదు. సార్ తమ్ముడు, "అన్నా, వదినెను నేను సూసుకుంట" అన్నాడు. దిగలేదు. "సోమవారం క్లాసు నేను నడిపిస్త సార్" అని నేను అన్నాను. కాకి ముక్కుతో రెక్క గోక్కుంది.

అప్పుడు జీపు వచ్చింది. దొర దిగాడు, వెంట సమితి మెంబర్లు. జనాన్ని తోసుకుని విస్తరి దాకా వచ్చి, అందరికీ వినబడేట్టు గొంతు పెంచాడు.

"సారూ, మీ మనసుల ఏమున్నదో నాకెరుక. ఆనాడు మీటింగుల తప్పు మాట్లాడిన అని నాకు చేతులు జోడిచ్చిండ్రు. నేను మాఫ్ చేసిన. ఇగ ఫికర్ వెట్టుకోకుండ్రి. వచ్చి ముట్టుండ్రి."

ఏం అనేవాణ్నో తెలియదు, మంచి మాట మాత్రం కాదు. నాకంటే ముందు చిన్నమ్మ లేచింది. జ్వరానికి కప్పుకున్న దుప్పటి ఇసుకలో వదిలేసి ఒక అడుగు ముందుకు వేసింది.

"దొరా, ఏ మాటకు మాఫ్ చేసిండ్రు?"

"పాత సంగతమ్మా. ఇప్పుడెందుకు తియ్యి."

"నేను సదువుకోలే దొరా, నాకెరుక లేదు. ఏ మాట తప్పో జర అందరు వినంగ చెప్పుండ్రి. నిజంగనే తప్పయితే ఆయనకు బదులు నేను మీ కాళ్లు మొక్కుత."

ఆ మాట అక్కడున్న ప్రతివాడికీ నోటికి వచ్చు. మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా వచ్చు. ఇప్పుడు దొర తన నోటితో చెప్పాలి, చెప్పి, అది అబద్ధమని అనాలి. అదీ ఆయన గ్రామం నుంచి సార్ కోసం వచ్చినవాళ్ల ముందు. వాళ్లు ఇసుకలో నిలబడి ఆయన ముఖంలోకే చూస్తున్నారు. గడీ ముందు వాళ్లు తలెత్తి చూడటం నేనెప్పుడూ ఎరగను. దొర తల తిప్పుకున్నాడు. మెంబర్ల వైపు చూశాడు. వాళ్లు వాగు వైపు చూశారు.

"టైమైతుంది, మీటింగున్నది" అని గొణిగి వెనక్కి తిరిగాడు. ఆయన జరిగితే మెంబర్లు జరిగారు, మెంబర్లు జరిగితే జనం జరిగారు. విస్తరి చుట్టూ ఖాళీ అయింది. కాకి దిగింది.

ఇందులో మహిమ ఏమీ లేదు. మనుషులు మీద పడి ఉంటే ఏ పిట్టా రాదు. దొర మాత్రం సభలో తన మాఫీ వల్లే ముట్టిందని చెప్తాడు, నాకు తెలుసు. అందుకే ముందుగా ఇది అచ్చు కావాలని తొందరపడ్డాను.

కాకి అన్నం చూడలేదు, చాయ్ చూడలేదు. పెద్ద మాంసం ముక్క నోట కరుచుకుని ఎగిరి, పోయి దొర జీపు ముందు రేకు మీద వాలింది. అక్కడ నిలబడి తీరిగ్గా పీక్కుని తినసాగింది. డ్రైవరు తువ్వాలు ఎత్తాడు. వెంటనే నలుగురు పెద్దమనుషులు, "అరేయ్, ఆగు, కొట్టకు, సార్ వచ్చిండు" అన్నారు. దొర జీపు తలుపు పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. కాకి తినడం అయ్యేదాకా నిలబడ్డాడు. చిన్నమ్మ ఇసుకలో కూర్చుని, కొంగు అడ్డం పెట్టుకోకుండా, అందరూ చూస్తుండగా నవ్వింది.